పరుగెత్తే కుక్క కావాలా? దాని ఓపిక ఎలాంటిదో ముందు చూడండి

పట్నంలో ఉన్న మేనల్లుడు సరదాపడి ఒక హస్కీ పిల్లను కొంటాడు. ఏడాది తిరిగేసరికి అది పరుపులు చింపుతుంది, తలుపులు గీరుతుంది, అర్ధరాత్రి ఊళ పెడుతుంది. పక్కవాళ్లు గొడవకు వస్తారు. అప్పుడు ఊరికి ఫోన్ వస్తుంది. "మామయ్యా, మీకు పొలం ఉంది కదా, గొర్రెలూ ఉన్నాయి. అక్కడైతే హాయిగా పరిగెత్తుతుంది, ఊరికే తీసుకుపోండి" అంటాడు. ఖరీదైన కుక్క, అదీ పైసా లేకుండా వస్తోంది. తోడేలులా ఉంటుంది, చూస్తేనే దొంగలు జడుసుకుంటారని మనమూ తలూపుతాం. మొదటి ఎండాకాలం దాటకముందే అది నాలుక వేలాడేసుకుని పడిపోతుంది. లేదంటే అంతకన్నా ముందే పక్కింటి మేకపిల్లను చంపి తగవు తెచ్చిపెడుతుంది.

ఇందులో కుక్క చేసిన తప్పేమీ లేదు. హస్కీకి ఓపిక లేదని కూడా అనలేం. పరుగులో దానికి సాటి వచ్చే జంతువులు లోకంలో తక్కువ. కానీ ఆ ఓపిక మంచునేల మీద పనికొచ్చే ఓపిక. మన చేనుగట్టు మీద, మే నెల ఎండలో అది అక్కరకు రాదు.

చిన్న, సన్నకారు రైతుకు కుక్క అలంకారం కాదు. మంద వెంట రోజూ పదీ పదిహేను కిలోమీటర్లు నడవాలి. రాత్రి మొక్కజొన్న చేలో, వేరుశనగ చేలో అలికిడైతే మొరగాలి. దొడ్డి దగ్గర తోడేలునూ, వీధికుక్కల గుంపునూ ఆపాలి. దానికి పెట్టే తిండి మన ఇంటి గింజల్లోంచే పోతుంది. అందుకే 'మంచి జాతి' అనే మాట విని డబ్బు పెట్టే ముందు రైతులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఓపిక ఒక్క రకం కాదు

హస్కీ పుట్టినిల్లు సైబీరియాలో ఈశాన్య కొస, చుకోట్కా ప్రాంతం. అక్కడి చుక్చీ జనం మంచు మీద చెక్కబండ్లు లాగించడానికి ఈ కుక్కలను పెంచారు. 1925లో అమెరికాలోని అలాస్కాలో నోమ్ అనే ఊళ్లో పిల్లలకు డిప్తీరియా (కంఠవాతం) సోకింది. విమానం ఎగిరే వీలు లేదు, ఓడ వచ్చే దారి లేదు. రైలు ఆగిపోయిన నెనానా నుంచి నోమ్ వరకు సుమారు 1,085 కిలోమీటర్ల దూరం మందును కుక్కల బండ్ల మీదే చేర్చారు. దాదాపు 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ ఆరు రోజులు నిండకుండానే చేరవేశారు. బండి లాగే రోజుల్లో ఒక్కో కుక్క పదివేల కేలరీల వరకు తిండి తింటుంది. ఒళ్లంతా రెండు పొరల జుట్టు ఉంటుంది. లోపలి పొర ఉన్ని లాంటిది, చలిని ఆపడానికి. అలాంటి కుక్కను మన ఎండలో కట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. జుట్టు మొత్తం గొరిగించినా లాభం లేదు, చర్మం ఎండకు కాలుతుంది.

ఇంకో రకం ఓపిక బోర్డర్ కోలీది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెలను మళ్లించడానికి తయారైన జాతి ఇది. కాపరి ఈల వేస్తే కుడికి, మరో ఈల వేస్తే ఎడమకు పోతుంది. నేలకు ఒంగి, రెప్ప వేయకుండా గొర్రెల వైపు చూస్తూ వాటిని కదిలిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగుతూ, ఉరుకుతూ అదే పని. 1893లో పుట్టిన 'ఓల్డ్ హెంప్' అనే ఒక మగకుక్క సంతతే ఈ జాతికి మూలమని చెబుతారు. చాలా తెలివైన కుక్క. కానీ దానికి పని లేకపోతే తెలివే మనకు శత్రువవుతుంది. కోళ్లను, సైకిళ్లను, చివరికి పిల్లలను కూడా మంద అనుకుని తరుముతుంది. మన దగ్గర గొర్రెలను కాపరి నోటి కూతతోనే నడిపిస్తాడు. కుక్క పని కాపలా. కాబట్టి ఈలకు తిరిగే కుక్క మనకు అంతగా అవసరం లేదు.

మూడో రకం వేటజాతి కుక్కలు. సన్నటి నడుము, లోతైన ఛాతీ, పొడుగు కాళ్లు, పొడుగు మూతి. ఇవి వాసన కన్నా కంటిచూపుతో వేటను పట్టుకుంటాయి. వీటిలో పేరు మోసిన గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో ఉరుకుతుంది. అయితే అది కొన్ని వందల గజాల వరకే. తర్వాత పడుకుని రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. వేగాన్ని చూసి ఓపిక అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఇక నాలుగోది కాపలా ఓపిక. రాత్రంతా ఒక చెవి నిక్కబొడుచుకుని పడుకోవడం, అలికిడైతే లేచి మొరగడం, మళ్లీ వచ్చి అక్కడే పడుకోవడం. దీన్ని ఎవరూ పందేలు పెట్టి కొలవరు. రైతుకు నిజంగా కావలసింది మాత్రం ఎక్కువగా ఇదే.

ముధోల్ కుక్క మన వాతావరణానికి సరిపోతుంది

ముధోల్ అంటే మన నిర్మల్ జిల్లాలో, బాసర దగ్గరున్న ఊరు అనుకునేరు. ఇది కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్. అక్కడి సంస్థానాన్ని పాలించిన మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని శ్రద్ధగా పెంచాడు. ఇంగ్లండు రాజు ఐదో జార్జికి ఒక జతను కానుకగా ఇచ్చాడని ప్రసిద్ధి. మహారాష్ట్రలో దీన్నే కార్వానీ అంటారు. కారవాన్ హౌండ్ అన్న పేరూ ఉంది. పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో ఈ జాతి కోసం ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద బిళ్లలు వేసినప్పుడు వాటిలో ముధోల్, రాజపాళయం రెండూ ఉన్నాయి. 2016లో మీరట్‌లోని సైనిక కేంద్రానికి ముధోల్ పిల్లలను తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు.

దక్కను పీఠభూమి మీద, మన రాయలసీమ, పాలమూరు లాంటి మెట్ట నేలల్లోనే పుట్టి పెరిగిన జాతి కాబట్టి ఎండకు కొంత ఓర్చుకుంటుంది. పొట్టి జుట్టు, ఒంట్లో కొవ్వు తక్కువ. బక్కగా ఉంటుంది. మూడు నాలుగు పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తే కంగారు పడి లావెక్కించకండి, దాని తీరే అంత. యజమానితో బాగా కలుస్తుంది. కొత్తవారిని దగ్గరకు రానివ్వదు, అలాగని ఊరికే మీదపడి కరిచే గుణమూ కాదు. గట్టిగా అరిచినా, కొట్టినా ముడుచుకుపోతుంది. కర్ర చూపించి నేర్పుదామనుకునేవారికి ఈ కుక్క పనికిరాదు.

దీనితో వచ్చే చిక్కు ఒకటే. పరిగెత్తేది ఏది కనబడినా తరుముతుంది. చిన్నప్పటి నుంచి మందలో పెంచకపోతే మేకపిల్లను, కోడిని కూడా వేటగానే చూస్తుంది. పెద్దదాన్ని కొని తెచ్చి గొర్రెల మధ్య వదలడం ఎట్టి పరిస్థితుల్లోనూ మంచిది కాదు.

రాజపాళయం, కన్ని, చిప్పిపారై

తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం మనకు కొత్త ఊరేం కాదు. అక్కడి రాజులు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. ఆ ఊరి పేరుతో ఉన్న కుక్క తెల్లగా, గులాబీ రంగు ముక్కుతో, ముధోల్ కన్నా బరువుగా ఉంటుంది. వేటకూ, కాపలాకూ పెట్టింది పేరు. అయితే పాలతెలుపు కుక్కల్లో పుట్టుచెవుడు ఎక్కువ. కాపలాకు చెవిటి కుక్క దేనికి? పిల్లను ఎంచుకునేటప్పుడు అది వేరే వైపు చూస్తున్నప్పుడు వెనక నుంచి చప్పట్లు కొట్టండి. గిన్నె మీద గరిటె తట్టండి. మిగతా పిల్లల నుంచి వేరు చేసి చూడాలి, లేకపోతే పక్క పిల్ల ఉలిక్కిపడితే దాన్ని చూసి ఇదీ తిరుగుతుంది, మనం మోసపోతాం.

కన్ని నల్లగా, కాళ్ల మీదా మూతి మీదా గోధుమ రంగు మచ్చలతో ఉంటుంది. చిప్పిపారై ఎక్కువగా లేత గోధుమ రంగు. రెండూ ఆ దక్షిణ తమిళనాడు మెట్టప్రాంతానివే, వేగం గల కుక్కలే. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలను దేశీ జాతులుగా నమోదు చేసింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దేశీ కుక్కల ప్రస్తావన వచ్చాక వీటికి గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్నచోట కల్తీ ఉంటుంది. పొడుగు కాళ్లున్న ప్రతి సంకర పిల్లనూ 'అసలు ముధోల్' అని అంటగట్టేవాళ్లున్నారు. సంతలో బుట్టలో పెట్టి అమ్మే పిల్లను కొనకండి. తల్లి ఉన్న చోటికి పోయి తల్లిని, వీలైతే తండ్రిని కళ్లారా చూడండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో వచ్చిన కుక్కల పెంపకం నిబంధనలు చెబుతున్నాయి. పాలు మరువని పిల్లను తెస్తే నష్టం మనకే.

నాటు కుక్క తక్కువదా?

మా మాట అడిగితే, ఒకటి రెండు ఎకరాలు, పదీ ఇరవై గొర్రెలు ఉన్న రైతుకు మంచి నాటు కుక్కే సరి. ఈ ఊరి ఎండ, ఈ ఊరి తిండి, ఈ ఊరి రోగాలు తట్టుకుని మిగిలిన తల్లికి పుట్టింది అది. దాని పరుగు వేటకుక్కంత వేగం కాదు. కానీ మంద వెంట తిరిగే తీరు చూడండి. ముందుకు పోయి చెట్టు నీడన పడుకుంటుంది, మంద దాటిపోయాక లేచి వచ్చి కలుస్తుంది. ఎప్పుడు ఉరకాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఎవరూ నేర్పకుండానే దానికి తెలుసు. ఎండాకాలంలో ఆ గుణం కన్నా విలువైనది లేదు.

నాటు కుక్క పనికిరాదనే పేరు రావడానికి కారణం మనమే. జాతి కుక్కకు టీకాలు, గుడ్లు, పాలు. నాటు కుక్కకు మిగిలిన అన్నం, రాయి దెబ్బ. అదే శ్రద్ధ దీని మీద పెట్టి చూడండి.

పిల్లను ఎంచుకునేటప్పుడు మరీ ముడుచుకుని మూలన నక్కేది వద్దు, మిగతావాటి మీద పడి కరిచేదీ వద్దు. పిలిస్తే దగ్గరకు వచ్చి, కొత్త చప్పుడుకు కొంచెం బెదిరి, వెంటనే తేరుకుని చూసే పిల్ల కాపలాకు మంచిది. ఎనిమిదో వారం నుంచి పదహారో వారం వరకు దాన్ని గొర్రెల వాసనలో, వాటి పక్కన పెంచండి. శాంతంగా ఉండే ముసలి గొర్రెల దగ్గర ముందు వదిలితే, పిల్ల అతి చేసినప్పుడు అవే ఒక కుమ్ము కుమ్మి బుద్ధి చెబుతాయి. గొర్రె చెవి పట్టి లాగడం, ఆటగా తరమడం కనబడిన రోజే ఆపించాలి. ఆటలో మొదలైంది ఏడాదికల్లా వేటగా మారుతుంది.

ఏ జాతి పిల్లయినా ఏడాది నిండేవరకు బండి వెంట, సైకిల్ వెంట పరిగెత్తించవద్దు. ఎముకలు గట్టిపడకముందే కీళ్లు దెబ్బతింటాయి. పెద్ద జాతులకు ఏడాదిన్నర దాకా ఆగాలి.

ఎండలో పరుగు

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో మాత్రం కొద్దిగా పడుతుంది. ఒంటి వేడి పోవడానికి నాలుక చాచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 106కి చేరితే ప్రాణం మీదకు వచ్చినట్టే. యజమాని మీద ప్రేమ ఉన్న కుక్క తనకై తాను ఆగదు. మీరు నడిచినంతసేపూ అదీ నడుస్తుంది, పడిపోయేదాకా. కాబట్టి ఆపవలసింది మీరే.

ఎండాకాలం మందను పొద్దున్నే తోలి, పది గంటలకల్లా నీడకు చేర్చండి. కంకర రోడ్డు, తారు రోడ్డు మీద నడిపించే ముందు మీ అరచేతిని ఐదారు సెకన్లు నేలకు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఇరవై కిలోల కుక్కకు ఊరికే పడుకున్న రోజున సుమారు లీటరుంపావు నీళ్లు కావాలి. ఎండలో తిరిగితే దానికి రెండింతలు, మూడింతలు. మీ నీళ్ల క్యాను నింపుకునేటప్పుడు దాని వాటా కూడా లెక్కేసుకోండి.

విపరీతంగా రొప్పుతూ, చొంగ చిక్కబడి తీగలు సాగుతూ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, కాళ్లు తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి మామూలు నీళ్లతో పొట్ట, గజ్జలు, పాదాలు తడుపుతూ కండువాతో విసరండి. తనంతట తాను తాగితే కొద్దికొద్దిగా నీళ్లు పెట్టండి. నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చాలామంది తడి గోనెపట్టా కప్పి వదిలేస్తారు. అది కాసేపటికే వేడెక్కి లోపలి వేడిని బయటకు పోనివ్వదు. అలా చేయకండి. కుక్క లేచి తిరిగినా సరే, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. లోపల మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

తిండి లెక్క

ఇరవై కిలోల కుక్కకు రోజుకు 1,100 నుంచి 1,200 కేలరీల తిండి కావాలి. మన లెక్కలో చెప్పాలంటే, సుమారు 300 గ్రాముల జొన్న లేదా రాగి లేదా బియ్యం వండి, దాంట్లో ఒక గుడ్డో, కొంచెం మాంసం తునకలో కలపాలి. అంటే నెలకు తొమ్మిది పది కిలోల గింజలు, ముప్ఫై గుడ్లు. మందతో రోజంతా తిరిగే కుక్కకు ఇంకా పెరుగుతుంది. ఈ ఖర్చు ముందే వేసుకుని చూసుకోండి. ముప్ఫై కిలోల జాతి కుక్క అయితే దీని మీద మరో మూడో వంతు.

ఒట్టి సంకటి, ఒట్టి అన్నం మీద పెరిగిన కుక్కకు కడుపు నిండుతుంది, కండ పట్టదు. గుడ్డు, చేప, మాంసం తునకలు, మజ్జిగ ఏదో ఒకటి ఉండాలి. ఉల్లిపాయలు వేసిన కూర మిగిలితే దానికి పెట్టవద్దు, ఉల్లి కుక్క రక్తాన్ని విరిచేస్తుంది. వండిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి.

లోతైన ఛాతీ ఉన్న ముధోల్, రాజపాళయం లాంటి కుక్కలకు కడుపునిండా పెట్టి వెంటనే పరిగెత్తించకూడదు. జీర్ణాశయం మెలిపడి, పొట్ట డోలులా ఉబ్బి గంటల్లో చనిపోతాయి. పని ముగిసి గంటసేపు చల్లబడ్డాక, సాయంత్రం ఎక్కువ పెట్టండి. పొద్దున బయలుదేరే ముందు కొద్దిగా గటక చాలు.

గొర్రెలున్నవారు తప్పక చదవవలసింది

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మొదటి రెండూ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. గొర్రెలున్న చోట కుక్క ఉంటుంది. ఆ రెండింటి మధ్య తిరిగే ఒక బద్దె పురుగు చాలామంది కాపరులను తెలియకుండానే నష్టపరుస్తోంది.

మందలో ఒక గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మేత మేయదు, గోడకు తల ఆనించి నిలబడుతుంది. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అంటారు. మెదడులో నీటి బుడగ పెరగడం వల్లే చాలాసార్లు అలా అవుతుంది. ఆ గొర్రెను కోస్తాం. తలకాయ, పనికిరాని భాగాలు కుక్కకు పడేస్తాం. బుడగలోని పురుగు పిల్లలు కుక్క పేగుల్లో పెద్దవై గుడ్లు పెడతాయి. కుక్క చేలో దొడ్డికి పోతుంది. ఆ గడ్డిని మరో గొర్రె మేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కట్టించే ఇంకో రకం బద్దె పురుగు కూడా ఉంది. అది మనుషులకూ వస్తుంది. కుక్కతో ఆడుకుని చేతులు కడుక్కోకుండా అన్నం తినే పిల్లలకు మరీ ప్రమాదం.

దీన్ని తెంచడం కష్టమేమీ కాదు. చచ్చిన గొర్రె తలను, నీటి బుడగలున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు అందకుండా లోతుగా పూడ్చాలి లేదా కాల్చాలి. మంద కుక్కకు మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు బరువును బట్టి మింగించాలి. మామూలు ఏలికపాముల మందుల్లో కొన్నింటికి బద్దె పురుగులు చావవు, కాబట్టి పేరు అడిగి తీసుకోండి. గొర్రెలకు తాగించగా మిగిలిన నట్టల మందును కుక్కకు పోయడం అలవాటుగా ఉంటే మానుకోండి. వాటిలో కొన్ని కుక్కకు విషం. పిడుదులకు గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ కూడా అంతే. కోలీ రక్తం కలిసిన కుక్కలకైతే మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది.

ఇంకో మాట. వేటజాతి కుక్కకు ఆపరేషన్ చేయించవలసి వస్తే అది ఏ జాతో డాక్టరు గారికి ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కావడం వల్ల కొన్ని మత్తుమందులు వీటికి త్వరగా దిగవు.

అడవి పందులు, వేట

వేగమైన కుక్క ఇంటికి రాగానే కుర్రాళ్లకు కుందేళ్ల మీదికి మనసు పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, కుక్కలతో తరిమించడం కూడా వేట కిందికే వస్తుంది. కేసు పడితే కుక్క ఖరీదు, పొలం కౌలు రెండూ కోర్టు చుట్టూ తిరగడానికే పోతాయి.

పందుల మీదికి కుక్కను ఉసిగొల్పడం వల్ల ఉపయోగమూ లేదు. మగ పంది కోర ఒక్క విసురుకు కుక్క పొట్ట చీల్చేస్తుంది. కుక్క పని మొరిగి మిమ్మల్ని లేపడం వరకే. మంచె మీద నుంచి లైటు వేసి, డబ్బా కొట్టి తోలడం మనిషి పని. కుక్కను మంచె దగ్గర పొడుగు తాడుతో, పందులు వచ్చే గాలివాటున కట్టుకుంటే దూరం నుంచే పసిగడుతుంది. పంట చుట్టూ కరెంటు తీగ లాగిన చేను పక్కనుంటే కుక్కను రాత్రిళ్లు వదలకండి. ఆ తీగకు ముందు బలయ్యేది తరచూ కుక్క, దాన్ని వెతుక్కుంటూ పోయిన మనిషి తర్వాత. ఆ తీగలు చట్టవిరుద్ధం. చూస్తే విద్యుత్తు సిబ్బందికి చెప్పండి, మొహమాటపడవద్దు.

టీకాలు, కాటు

పిల్ల ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో జబ్బులకు కలిపి ఉన్న టీకా వేయించాలి. మూడు నాలుగు వారాలకోసారి నాలుగు నెలలు నిండేవరకు మళ్లీ వేయించాలి. నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లలు చచ్చిపోయే జబ్బు పార్వోనే. మూడో నెలలో పిచ్చికుక్క వ్యాధి (రేబిస్) టీకా, నెల తర్వాత ఒకసారి, ఆపై ఏటా. మంద వెంట ఊళ్లు తిరిగే కుక్క నక్కలతోనూ, వీధికుక్కలతోనూ పోట్లాడుతుంది. ఈ టీకా లేకుండా దాన్ని మందలో ఉంచడం ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

టీకా వేసిన కుక్క అయినా, వేరే కుక్క అయినా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఐదు నిమిషాలకే పదిహేను అయిందనిపిస్తుంది. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏవీ పెట్టవద్దు. పూర్వం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారన్న భయంతో ఇప్పటికీ కొందరు ఆస్పత్రికి పోరు. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. రెండో సూది తర్వాత బాగానే ఉందని మానేయడం మహా ప్రమాదం. నెత్తురు వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది లేకపోతే ఎక్కడ ఉందో అడిగి అదే రోజు పోవాలి. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఈ టీకా వేశాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. మీ మండల పశువైద్యశాలలో ముందురోజే కనుక్కుని, ఎండ ఎక్కకముందే కుక్కను తాడుతో కట్టి తీసుకెళ్లండి. మూతికి మెత్తని గుడ్డ చుట్టేలా సిద్ధం చేసుకోండి. టీకా వేసిన తేదీ రాసిన కార్డు ఇస్తారు. దాన్ని పాసు పుస్తకంతో పాటు దాచుకోండి.